ఒడ్డున మూడు జతల చెప్పులు

మా తమ్ముడు ఆ కథ మళ్ళీ చెప్పాడు. ఈసారి చెప్పింది రియాద్‌లో ఒక మాల్‌లో, మంచు రింక్ పక్కన బెంచీ మీద కూర్చుని, స్కేట్ల తాళ్ళు బిగించుకుంటున్న తన పిల్లలిద్దరికీ.

"నాకు అయిదేండ్లప్పుడు ఒక పిచ్చి ముసలోడు నన్ను పిల్చుకపోయి ఉప్పు బురదలో దించేసినాడు. ఇంతదాకా," అని రొమ్ముకు అడ్డంగా చెయ్యి పెట్టి చూపించాడు. "మీ తాత పరిగెత్తుకొచ్చి లాగకపోయుంటే ఈ పొద్దు మీకు నాయనే లేడు."

పిల్లలు నవ్వారు. ఎన్నోసారి వింటున్నారో వాళ్ళు. నేను ఊరుకోలేకపోయాను.

"ఆయన పిల్చుకపోలేదురా. నేను పిల్చుకపోయినా."

"ఊరుకోన్నా."

"నిజంరా. నిన్ను పళ్ళెంలో కూర్చోబెట్టి లాక్కపోయింది నేను. బయటికి లాగింది ఆయన. నాయన వచ్చేసరికి అంతా అయిపోయినాది."

"అయితే నాయన చెప్పింది అబద్ధమా?"

"నాయనకు నేను చెప్పింది అబద్ధం."

తమ్ముడు నా భుజం తట్టాడు. "యాభై దగ్గర పడతానే అందరికీ ఇట్లే అయితాదంట. చేసినవీ చేయనివీ అన్నీ నెత్తినేసుకుంటారు. బీపీ చూపించుకుంటివా?"

పిల్లలు మంచు మీదికి వెళ్ళిపోయారు. గోడ మీద నియమాల బోర్డు ఉంది, అరబ్బీలో, ఇంగ్లీషులో. పరిగెత్తరాదు, తినరాదు, ఎదురు దిశలో వెళ్ళరాదు. ఇలా పన్నెండు. ఆ మంచు కింద గొట్టాలున్నాయి, గొట్టాల కింద కాంక్రీటు ఉంది. ఏసీల పనిలో ఇరవై ఏళ్ళకు పైగా ఉన్నవాణ్ణి, ఆ సంగతి నాకు తెలుసు. అక్కడ ఎవడూ లోపలికి దిగిపోడు. దిగిపోని చోట పన్నెండు నియమాలు. దిగిపోయే చోట నియమాలు తెలిసిన మనిషి ఒక్కడే ఉండేవాడు. ఆయన్ని ఆ చోటికి పోనివ్వకుండా చేసింది నేను. నా తోడబుట్టినవాడే నా మాట నమ్మడం లేదు గనక, ఇక రాసి పెట్టడం తప్ప నాకు వేరే దారి లేదు.

అప్పట్లో మేమున్నది రియాద్ నుంచి నాలుగైదు గంటల దూరంలో, ఖసీం వైపు, ఒక గోధుమ పొలంలో. ఇసుకలో గోధుమలేమిటని ఇప్పటివాళ్ళు అడుగుతారు. లోతైన బోర్లతో నీళ్ళు తోడి, గుండ్రంగా తిరిగే పొడవాటి పైపులతో చల్లి పండించేవారు. ఆ బోర్ల డీజిల్ ఇంజన్లు చూసుకునే మెకానిక్ మా నాయన. ఇప్పుడా గోధుమలు లేవు, ఆ ఇంజన్లు లేవు. పొద్దున్నే వాటి చప్పుడు మొదలైతే కిటికీ అద్దాలు సన్నగా వణికేవి. నాయన ఇంట్లోకి వస్తే ముందు డీజిల్ వాసన వచ్చేది, తర్వాత ఆయన వచ్చేవాడు.

పొలంలో పనిచేసేవాళ్ళెవరికీ పెళ్ళాం పిల్లలు దగ్గర లేరు. మాకు మాత్రం ఫ్యామిలీ వీసా దొరికింది. పైరు ఎండిపోతున్న వారంలో ఆగిపోయిన పెద్ద ఇంజన్ను నాయన రెండు రోజుల్లో లేపాడన్న సంతోషంతో కఫీల్, అంటే మా వీసాలకు పూచీపడే పొలం యజమాని, సంతకం పెట్టించాడు. అది ఆయన దయ తప్ప మా హక్కు కాదు. నాయన ఆ మాట మాకు మరపు రానిచ్చేవాడు కాదు.

"మీ మీద ఒక్క మాట వచ్చిందంటే సాలు," అనేవాడు అన్నం ముందు కూర్చుని. "కఫీల్ అందరికీ ఎగ్జిట్ కొట్టిస్తాడు. మీరు పోయేది కాదు, నేను గూడా మూట కట్టుకోవల్ల. ఇనపడిందా?"

నాకు పదకొండేళ్ళు. ఎగ్జిట్ అంటే దేశం విడిచి పొమ్మనే ముద్ర అని తెలియదు, ఏదో పెద్ద సుత్తి అనుకునేవాణ్ణి, కొడతారు అనేవాళ్ళు కాబట్టి.

మేము కడప వైపు దూదేకులవాళ్ళం. ఇంట్లో తెలుగే. టౌనులో స్కూలుకు పోతే హైదరాబాదు పిల్లలు "వీళ్ళకి ఉర్దూ కూడా రాదు" అని ఏడిపించేవాళ్ళు. అందుకని నాకు స్నేహితులు లేరు. సెలవు రోజుల్లో నాకున్నది తమ్ముడొకడు, ఉప్పుతాత ఒకడు.

ఉప్పుతాత కఫీల్‌కు కన్నతండ్రి. కొడుకు పెద్ద ఇల్లు కట్టాడు, పెద్ద కార్లు కొన్నాడు. ఈయన మాత్రం ఒక పాత పికప్ వేసుకుని పొలం వెనక ఉన్న సబ్‌ఖాకు పోయేవాడు. సబ్‌ఖా అంటే ఉప్పునేల. చూపు ఆనినంత దూరం తెల్లగా, బల్లపరుపుగా ఉంటుంది. మా అమ్మ దాన్ని ఉప్పుకయ్య అనేది. ఎండాకాలంలో ఆయన పారతో ఉప్పు గీకి బస్తాలకెత్తేవాడు. చలికాలంలో వాన కురిసి, నీళ్ళు నిలిచి ఇంకిపోయాక కొత్త పొర ఎలా కడుతోందో చూసుకోవడానికి రోజూ పొద్దున పోయేవాడు. ఆయన తండ్రి, తాత కూడా ఆ పనే చేశారట. ఒంటెల మీద ఉప్పు వేసుకుపోయి ఖర్జూరాలకు మార్చుకునేవారట. కొడుకుకు అది తలవంపుగా ఉండేది. ఇంత ఉండీ ముసలాయన ఉప్పు అమ్ముతాడేమని ఊరు నవ్వుతుందని.

అమ్మకు మాత్రం ఆయనంటే గౌరవం. ఆయన తెచ్చిచ్చిన ఉప్పుతో నిమ్మకాయ ఊరగాయ పెట్టి ఒక సీసా ఆయనకు పంపింది. ఆయన దాన్ని రొట్టెలో పెట్టుకుని తిని, కళ్ళ నీళ్ళు కారుతుంటే తలపాగా గుడ్డతో తుడుచుకుంటూ, "మీ అమ్మకు నా మీద కోపమేమిటి?" అని అడిగాడు. మర్నాడు ఖాళీ సీసా పట్టుకుని మళ్ళీ గుమ్మంలో నిలబడ్డాడు.

అమ్మ వంట గురించి ఒక మాట చెప్పాలి. బొరుగులు దొరకని చోట ఆమె ఉగ్గాని చేసేది. ఎండిపోయిన ఖుబ్జ్ రొట్టెల్ని నీళ్ళలో ముంచి, పిండి, తునకలు చేసి, ఉల్లిగడ్డా పచ్చిమిరపకాయలతో తిరగమాత వేసేది. "కండ్లు మూసుకుని తినండి, మనూరే," అనేది. తమ్ముడు నిజంగానే కళ్ళు మూసుకుని తినేవాడు. వాడిప్పుడు ఆఫీసులో పెద్ద ఉద్యోగం చేస్తున్నాడు, ఆ ఉగ్గాని గుర్తే లేదంటాడు. బురద మాత్రం గుర్తుంది వాడికి.

ఉప్పుతాత నన్ను ఇండియావాణ్ణని "హిందీ" అని పిలిచేవాడు, తమ్ముణ్ణి "నుస్ హిందీ" అని. నుస్ అంటే సగం. ఆయన మనవళ్ళు టీవీ ముందు నుంచి లేచేవాళ్ళు కాదు. పరాయి దేశపు మెకానిక్ కొడుకు వెంటపడి వస్తుంటే ఆయనకు సంతోషంగా ఉండేదనుకుంటాను. ఆయన అరబ్బీ నాకు అలా వెంట తిరుగుతూనే వచ్చేసింది. మొదటి చలికాలమంతా నన్ను ఒడ్డునే కూర్చోబెట్టాడు. "కాలు పెట్టేది తర్వాత. ముందు విను," అనేవాడు. కర్రతో పొర మీద కొట్టేవాడు. నన్ను కళ్ళు మూసుకోమనేవాడు. కింద గట్టిగా ఉంటే ఎండు టెంకాయ మీద కొట్టినట్టు ఠక్కుమనేది. పలచగా ఉంటే తడిసిన అట్ట మీద కొట్టినట్టు మొద్దుగా పలికేది. నేను తప్పు చెబితే ఆయన కోప్పడేవాడు కాదు, మళ్ళీ కొట్టేవాడు. ఒక్కోరోజు వందసార్లు.

రెండో చలికాలం కాలు పెట్టనిచ్చాడు. చెప్పులు విడవాలి. తడి సంగతి అరికాలికే ముందు తెలుస్తుంది. విడిచిన చెప్పులు ఏ దిక్కుగా పోతున్నావో ఆ దిక్కుకు తిప్పి ఒడ్డున వరసగా పెట్టాలి, వెనక వచ్చేవాడికి తెలిసేటట్టు. ఒడ్డున ఎప్పుడూ ఒక మనిషి ఉండాలి. బరువైనవాడు కర్రతో ముందు నడవాలి, మిగిలినవాళ్ళు పది అంగల దూరంలో ఒకరి వెనక ఒకరు. మచ్చ లేని మొద్దు తెలుపు మంచిది. మెరిసే చోటికి పోకూడదు, మెరుపంటే తడి. కోడిగుడ్డు కుళ్ళిన వాసన వస్తే కింద నల్లబురద దగ్గర్లో ఉన్నట్టు, ఆగిపోయి వచ్చిన అడుగుల్లోనే వెనక్కి తిరగాలి. వాన తర్వాత ఎన్ని రోజులని లెక్క పెట్టకూడదు, ఎన్ని రోజులు ఉత్తరపు గాలి తోలిందో లెక్క పెట్టాలి. దిగబడితే కాళ్ళు పైకి లాగకూడదు, వెల్లకిలా పడిపోయి చేతులు బార్లా చాపాలి.

కొన్నేళ్ళ కిందట నేను పనిచేసే ఆసుపత్రిలో పెద్ద ఏసీ యంత్రాలు చూడటానికి ఒక చలిదేశపు ఇంజనీరు వచ్చాడు. టీ తాగుతూ, చిన్నప్పుడు వాళ్ళ ఊరి సరస్సు గడ్డకడితే దాని మీద జారేవాళ్ళమని చెప్పాడు. వాళ్ళ అమ్మమ్మ ముందు మంచు చప్పుడు వినడం నేర్పిందట. నల్లగా, గాజులా ఉన్న మంచు గట్టిదట, పాలలా తెల్లగా ఉన్నదాన్ని నమ్మకూడదట. మాకు తెలుపు మంచిది, వాళ్ళకు చెడ్డది. మిగిలినదంతా ఒకటే. కర్ర, వరస, దూరం, ఒడ్డున మనిషి. ఆయన తన పిల్లలకు కూడా అది నేర్పానని చెప్పి, "మీ ఎడారిలో ఇలాంటివేమీ ఉండవు కదా?" అన్నాడు. ఉండవన్నాను. అబద్ధాలాడటం నాకప్పటికి అలవాటే.

మేము కూడా జారేవాళ్ళం. కొత్త పొర మీద పొద్దున్నే మంచు పడితే అది సబ్బు రాసిన బండలా ఉండేది. కఫీల్ వంటింటి వెనక పారేసిన పెద్ద అల్యూమినియం పళ్ళెం ఒకటి ఎత్తుకొచ్చాను, పదిమంది కూర్చుని కబ్సా అన్నం తినేది. అంచుకు చిల్లు పడి ఉంది. ఆ చిల్లులో తాడు కట్టి, తమ్ముణ్ణి అందులో కూర్చోబెట్టి లాగేవాణ్ణి. వాడు బొంగరంలా తిరుగుతూ పోయేవాడు. ఉప్పుతాత రాళ్ళు పేర్చి ఒక గీత గీశాడు, దాటకూడదని. మమ్మల్ని చూసి పడీపడీ నవ్వేవాడు. "పళ్ళెంలో మాంసం కంటే నుస్ హిందీయే ఎక్కువ అరుస్తున్నాడు," అనేవాడు.

ఆ రెండో చలికాలం సెలవుల్లోనే గట్టి వాన పడింది. వాన వెలిసిన నాలుగో రోజు అడిగితే, "ఇంకా కాదు. గాలి తిరగలేదు," అన్నాడు. ఆరో రోజు అడిగితే అదే మాట. తమ్ముడు ఇంట్లో నన్ను చంపుకు తింటున్నాడు. "నీకేం తెలీదు. తాత చెప్తేనే నీకు తెలుస్తాది," అన్నాడు. అయిదేళ్ళవాడి మాట. ఆ మాటే నన్ను పొడిచింది. నాకన్నీ తెలుసు. రెండు చలికాలాలు నేర్చుకున్నాను. ఎప్పుడూ ఒకరు సరేననే దాకా ఆగాలా?

ఎనిమిదో రోజు పొద్దున పొగమంచు కమ్మింది. అమ్మ రొట్టెలు చేస్తోంది. నేను పళ్ళెం, కర్ర పట్టుకుని తమ్ముణ్ణి వెంటబెట్టుకుని పోయాను. చెప్పులు విడిచి, దిక్కు చూసి, వరసగా పెట్టాను. అదొక్కటీ అలవాటుగా చేశాను. ఒడ్డున ఉండమంటే తమ్ముడు ఏడుపు మొదలుపెట్టాడు. సరే రా అన్నాను. కర్రతో కొట్టాను, ఠక్కుమంది. రాళ్ళ గీత దాకా పోయాం. అక్కడా ఠక్కుమంది. దాటాను.

చాలా బాగుంది. ఇది కూడా చెప్పాలి. ముందూ వెనకా ఏమీ కనపడని తెల్లదనంలో పళ్ళెం సర్రుమంటూ పోతుంటే, తమ్ముడు కేకలేస్తుంటే, నా జీవితంలో అంత స్వేచ్ఛగా ఇంకెప్పుడూ లేను. కాసేపటికి వాడు దిగి, "ఇప్పుడు నేను లాగుతా, నువ్వు కూర్చో," అని తాడు పట్టుకుని పక్కకు పరిగెత్తాడు. అటు మెరుస్తోంది. అప్పుడే నాకు వాసన వచ్చింది, కుళ్ళిన గుడ్డు వాసన. దాని అర్థం నాకు తెలుసు. అరవాలని తెలుసు. అరిస్తే తాత చెప్పిందే నిజమని ఒప్పుకున్నట్టు. కొద్దిగానే వస్తోంది కదా అనుకున్నాను. రెండు మూడు క్షణాలు. ఆ రెండు మూడు క్షణాలను నేను ఇప్పటికి కొన్ని వేల సార్లు లెక్కపెట్టాను.

పొర విరిగిన చప్పుడు పెద్దగా రాలేదు. వాడు నడుం దాకా దిగిపోయాడు. కాళ్ళు తన్నుకున్నాడు, రొమ్ము దాకా దిగాడు. కాళ్ళు కదపకూడదని వాడికి ఎవరు చెప్పారు? నేను చెప్పలేదు. పళ్ళెం వాడికి బారెడు దూరంలో పడి ఉంది. నేను నెట్టి ఉంటే వాడికి అందేది. నేను వెనక్కి నడిచాను. దగ్గరికి పోకూడదన్నది నియమం, దాన్నే పాటిస్తున్నాననుకున్నాను. అదీ అబద్ధమే. భయపడ్డాను. రాళ్ళ గీత దగ్గర నిలబడి అరవడం మొదలుపెట్టాను.

ఉప్పుతాత ఎప్పటిలాగే ఒడ్డుకు వచ్చాడు. పొగమంచులో ఆయనకు ఏమీ కనపడలేదు. ఒడ్డున మనిషి లేడు, రెండు జతల చిన్న చెప్పులు మాత్రం ఒక దిక్కుకు తిరిగి ఉన్నాయి. నలభై యాభై ఏళ్ళ అలవాటు కాబట్టి, అంత తొందరలోనూ తన చెప్పులు వాటి పక్కనే విడిచి, అవి చూపిన దిక్కుకు వచ్చాడు. నన్ను దాటుకుని పోతూ, "నుస్ ఎక్కడ?" అన్నాడు, అంతే. వాసన తగిలిన చోట బోర్లా పడుకున్నాడు. డెబ్బై ఏళ్ళ మనిషి ఉప్పు మీద పొట్టతో పాక్కుంటూ పోయి, పళ్ళేన్ని ముందుకు నెట్టి, తమ్ముడి రెండు చేతులూ దాని మీద వేయించాడు. "షువయ్య, షువయ్య," అంటున్నాడు. మెల్లగా, మెల్లగా అని. చంటిపిల్లవాణ్ణి జోకొట్టినట్టే ఉంది ఆ గొంతు. ఎంతసేపు పట్టిందో నాకు తెలియదు. వాణ్ణి భుజాన వేసుకుని వచ్చేసరికి ఇద్దరూ నిలువెల్లా నల్లగా ఉన్నారు. ఆయన మోచేతుల నుంచి నెత్తురు కారుతోంది.

ఒడ్డున నాయన నిలబడి ఉన్నాడు. మేము కనపడటం లేదని అమ్మ పంపింది. ఆయన పికప్‌ను చూశాడు. వరసగా ఒకే దిక్కుకు తిరిగి ఉన్న మూడు జతల చెప్పుల్ని చూశాడు. ఆయనకు ఆ వరస నియమం తెలియదు. ముగ్గురూ కలిసి పోయారనుకున్నాడు.

"ఈయనే పిల్చుకపోయినాడా?" అని అడిగాడు నన్ను.

నాకు ఎగ్జిట్ గుర్తుకొచ్చింది. తల ఊపాను.

ఉప్పుతాత వగరుస్తూ నా పక్కనే నిలబడి ఉన్నాడు. ఆయనకు తెలుగు రాదు. మా నాయనకు వచ్చిన అరబ్బీ స్పానర్ల వరకూ, డీజిల్ వరకూ. నేను తల ఊపుతుంటే ఉప్పుతాత బురద చేత్తో నా తల నిమిరాడు. జరిగింది తండ్రికి చెప్పేస్తున్నానని అనుకున్నాడు.

ఆ సాయంత్రం నాయన ఎగ్జిట్ భయం కూడా మరిచి కఫీల్ దగ్గరికి పోయాడు. నన్నూ వాళ్ళ అతిథుల గదికి పిలిపించారు. మజ్లిస్‌లో ఏలకుల గహ్వా కాఫీ వాసన, బొగ్గుల వేడి. ఉప్పుతాత మూల దిండుకు ఆనుకుని కూర్చున్నాడు, మోచేతులకు గుడ్డ కట్టుకుని. "నేను తీసుకుపోలేదు. పెద్దవాణ్ణి అడగండి, వాడు చెబుతాడు," అన్నాడు. ఆయన గొంతులో ఏ అనుమానమూ లేదు.

కఫీల్ నన్ను అడిగాడు. "తాత తీసుకుపోయాడా?"

"ఐవా," అన్నాను. అవునని.

ఉప్పుతాత నా వైపు కాసేపు చూశాడు. చేతిలోని గహ్వా ఫింజాన్‌ను పళ్ళెంలో పెట్టాడు. "అలాగా," అన్నాడు. "అయితే నాకు ముసలితనం వచ్చేసినట్టే."

నన్ను కాపాడటానికి అన్నాడా, నిజంగానే తన మతి మీద తనకు నమ్మకం పోయి అన్నాడా, నాకీనాటికీ తెలియదు. రెండోది అయి ఉంటుందేమోనన్న భయమే నన్ను ఎక్కువగా తింటుంది. కఫీల్ ఆ రాత్రికే పికప్ తాళాలు తీసుకున్నాడు. ఆ తర్వాత ఆయన సబ్‌ఖాకు పోలేదు. గేటు పక్క నీడలో కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. నేను గోడ చుట్టూ తిరిగి వెనక వాకిలి నుంచి పోయేవాణ్ణి. రెండేళ్ళకు మమ్మల్ని చదువు కోసం ఊరికి పంపేశారు. నేను పెద్దవాణ్ణయి మళ్ళీ ఈ దేశానికి వచ్చేసరికి ఆయన లేడు.

అమ్మకు తెలుసనుకుంటాను. ఆ రోజు తమ్ముడికి నాలుగు బకెట్ల నీళ్ళు పోసింది. తర్వాత నా వైపు తిరిగి, "నీ గుడ్డలకు చుక్క బురద లేదే," అంది. అంతకు మించి ఏమీ అడగలేదు. మర్నాడు నిమ్మకాయ ఊరగాయ సీసా నింపింది గానీ ఎవరి చేతా పంపలేదు. ఎగ్జిట్ అంటే ఆమెకూ భయమే.

నాయనకు ఒకసారి చెప్పబోయాను. అప్పటికే ఆయన పడకమీద ఉన్నాడు. "ఉప్పుతాత సంగతి," అన్నానో లేదో, "ఆ ముసలోని పేరు తియ్యాకు. నా బిడ్డను సంపబోయినాడు," అని అటు తిరిగి పడుకున్నాడు. నాకు కోపం వచ్చింది. నేను కల్పించిన కోపం మీద నాకే కోపం. ఇంట్లో పెళ్ళిళ్ళలో, పేర్లు పెట్టే విందుల్లో ఆ కథ చెప్పుకుంటూనే ఉన్నారు. చెప్పిన ప్రతిసారీ ముసలాయనకు కొంచెం పిచ్చి పెరిగేది, మా నాయన కొంచెం వేగంగా పరిగెత్తేవాడు. అడ్డుపడితే, "ఎప్పుడో అయిపోయిన దానికి ఇప్పుడెందుకప్పా," అనేవారు. అయిపోయిన దాన్ని చెప్పుకుంటున్నది వాళ్ళు. ఆపమంటే తప్పు నాదా?

రింక్ నుంచి వచ్చిన తర్వాతి వారం సెలవు పెట్టి ఖసీం పోయాను. కఫీల్ టౌనులో ఉంటున్నాడు. ఉప్పుతాత అప్పుడున్న వయసు దాటిపోయాడు. యాభై దగ్గరపడిన నన్ను చూసి "యా వలద్" అన్నాడు, ఒరే అబ్బాయీ అని. నేను పదేపదే కూడగట్టుకున్నదంతా ఆయన మజ్లిస్‌లో గహ్వా చల్లారేదాకా చెప్పాను. నేను తీసుకుపోయాను. మీ నాన్న మాకు వద్దని చెప్పాడు. మీరు అడిగినప్పుడు ఆయన ముందే అబద్ధం చెప్పాను.

ఆయన ఆశ్చర్యపోలేదు. ఖర్జూరాల గిన్నె నా వైపు జరిపాడు.

"నాకు తెలుసు," అన్నాడు.

"ఎప్పటి నుంచి?"

"ఆ సాయంత్రం నుంచే. మా నాన్న ఉప్పు విషయంలో ఎప్పుడూ ఒక్క అడుగు తప్పు వేయలేదు. పొగమంచులో పిల్లల్ని తీసుకుపోతాడా?" చల్లారిన గహ్వా పక్కకు జరిపాడు. "ఆయన్ని ఆ పని మానిపించాలని ఎన్నేళ్ళుగానో చూస్తున్నాం. సిగ్గుగా ఉండేది మాకు. ఎవరో ఒకరు ఒక మాట అనాలి. నువ్వన్నావు."

ఇన్నేళ్ళూ నేనొక్కడినే మోశాననుకున్నది ఇంకొకడు హాయిగా జేబులో వేసుకు తిరిగాడు. క్షమించమని అడగటానికి పోయినవాణ్ణి, ఆయన మీదికి లేవకుండా చేతులు మోకాళ్ళ మధ్య పెట్టుకుని కూర్చున్నాను. ఆయన నన్ను క్షమించలేదు, తిట్టలేదు. "కారులో పోయి చూసొద్దాం పద," అన్నాడు.

పొలం ఉన్న చోట ఇప్పుడు గోదాములు. సబ్‌ఖా మాత్రం అలాగే ఉంది, ఒక పక్కన రోడ్డు పడింది. పది రోజుల కింద వాన పడిందట. ఆయన కర్ర ఆనించుకుంటూ ఒడ్డు దాకా వచ్చాడు. అంత తెలుపు మీద ఎండ పడుతుంటే కళ్ళు చిట్లించుకుని చాలాసేపు చూశాడు.

"పుట్టింది ఇక్కడే. నేను దీని మీద ఒక్కసారి కూడా కాలు పెట్టలేదు," అన్నాడు. "నీకు నేర్పాడు కదా. ఇవాళ నడవచ్చా?"

ఆయన కర్ర తీసుకుని పొర మీద కొట్టాను. ఠక్కుమంది. ఇంకోచోట కొట్టాను. అక్కడా గట్టిగానే పలికింది. మొద్దు తెలుపే, మెరుపు లేదు. కానీ గాలి దక్షిణం నుంచి వస్తోంది, ఎంతో సన్నగా ఆ వాసన కూడా ఉంది. చెవి ఒకటి చెబుతోంది, ముక్కు ఇంకొకటి. రెండు గుర్తులు తగువు పడితే ఏది నమ్మాలి? ఉప్పుతాతకు తెలిసే ఉంటుంది. మూడో చలికాలంలోనో, నాలుగో చలికాలంలోనో చెప్పేవాడేమో.

"తెలియదు," అన్నాను. "వద్దు."

"నేర్చుకున్నానన్నావు?"

"పూర్తి కాలేదు."

ఆయన తల ఊపి, కర్ర కోసం చెయ్యి చాపాడు. ఎందుకు పూర్తి కాలేదని అడగలేదు. ఇద్దరం కారు వైపు నడిచాం.